ముగ్గురికీ పట్టని నిద్ర

ఫ్రూంజే, ఎముకల ఆసుపత్రి
1983 మే 3

కోడలు జిపారాకి,

నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తే మిగతా ఉత్తరం నువ్వు స్థిమితంగా చదువుకుంటావు. తుంటి ఎముకలోకి దిగ్గొట్టిన ఇనుప మేకు కదలకుండా ఉందట. కుట్లు విప్పారు. గాయం ఒక మూల ఇంకా చెమరుస్తోంది, అదేం పెద్ద విషయం కాదంటున్నారు. కాలు పక్కకి ఒరగకుండా పాదానికి ఒక బూటు తొడిగి, మడమ దగ్గర అడ్డంగా కర్ర బిగించారు. దాంతో వెల్లకిలా తప్ప పడుకోవడానికి లేదు. యాభై తొమ్మిదేళ్లు వచ్చాక, నా సొంత పశువుల పాక ముందు మంచు మీద కాలు జారి, ఇలా మేకు కొట్టించుకుని పడుకుంటానని ఎవరనుకున్నారు! నిద్రకేం, బాగానే పడుతోంది.

గదిలో నలుగురం. పక్క మంచం క్లావ్‌దియా పెత్రోవ్నాది. ట్రాలీబస్సులో టిక్కెట్లు కొట్టేదట. చెయ్యీ కాలూ రెండూ విరగ్గొట్టుకుంది. మంచి మనిషే కానీ, గురక మొదలుపెడితే కిటికీ అద్దాలు మోగుతాయి. నేను ఎండు పెరుగుండలు ఇస్తే, బట్టల్లో వేసే కలరా ఉండలేమోనని వాసన చూసి మరీ నోట్లో వేసుకుంది. ఇప్పుడు రోజుకి నాలుగు అడిగి తింటోంది. ఇంకో సంచీ పంపు. ఎర్మెక్ గురువారం, ఆదివారం వస్తున్నాడు. ఇటుకల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా రావడంతో, నా పక్కన కుర్చీలో కూచుని హాయిగా ఒక నిద్ర తీసి వెళతాడు. ఇంటి సంగతులేమిట్రా అని అడిగితే 'అంతా బాగుందమ్మా' అంటాడు. నీ మొగుడి నోట్లోంచి మూడో మాట ఎప్పుడైనా వచ్చిందా?

ఇక నూరిజా సంగతి. అది నా కుడిచేతి మీద తలపెట్టి, నా చెవి తమ్మె పట్టుకుని పడుకుంటుంది. నీ దగ్గర పడుకోనంటే బలవంతపెట్టకు. జడ బిగించి అల్లకు, తలనొప్పి అంటుంది. కన్నది నువ్వే, కాదనను. కానీ మొదటి బిడ్డ నాయనమ్మ బిడ్డ అన్నది మన తాతల నాటి పద్ధతి. నలభయ్యో రోజు నుంచీ నా చేతుల్లో పెరిగింది. నన్ను అమ్మా అంటుంది, నిన్ను వదినా అంటుంది. నేను ఇంట్లో లేను కదా అని ఆ పిలుపులు మార్చే పని పెట్టుకోకు. ఈ ఫ్రూంజే నగరంలో మీ గది వదిలి, కుట్టు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, పల్లెలో మా ఇల్లు చూసుకోవడానికి వచ్చావు, ఆ మేలు మరచిపోను. ఇల్లు చూసుకో.

పోస్టాఫీసు నుంచి ట్రంకాల్ చెయ్యకు. మనం మూడు నిమిషాలు మాట్లాడితే ఊరు మూడు నెలలు మాట్లాడుతుంది. ఉత్తరమే రాయి.

ఇంటి మీదే ధ్యాసగా,
అత్త కనిషాయ్


కిజిల్ దొబో
1983 మే 10

అత్తయ్యగారికి మూడుసార్లు వంగి సలాం చేసి జిపారా రాసేది,

మీకు నిద్ర బాగా పడుతోందని చదివి మనసు కుదుటపడింది. మామయ్యగారు గొర్రెల ఈతల పనిలో కొండ మీదే ఉన్నారు. మొన్న ఒక్క పూట వచ్చి వెళ్లారు. మీ ఉత్తరం నేను చదువుతుంటే వినబుద్ధి లేనట్టు గుర్రం జీను బిగించుకుంటూ నిలబడ్డారు. నేను ఆపితే మాత్రం 'ఊ, తర్వాత?' అన్నారు. వెళ్లేటప్పుడు, 'ముసల్దానికి చెప్పు, జీను సంచీ కుట్టు ఊడింది, వేరేవాళ్లు కుడితే నిలవదు' అన్నారు. అది బెంగే అని నాకు అర్థమైంది.

మీ ఆవు నన్ను దగ్గరికి రానివ్వలేదు. రెండు రోజులు బకెట్టు తన్నింది. చివరికి మీ పాత దూది కోటు తొడుక్కుని, మీ తలగుడ్డ కట్టుకుని వెళితే అప్పుడు పాలు చేపింది. 'మా అమ్మలాగ దగ్గాలి కూడా వదినా' అని నూరిజా నేర్పింది. దగ్గుతూ పిండుతున్నాను.

నూరిజా గురించి బెంగపెట్టుకోకండి. మొదటి రెండు రోజులు కాస్త ఏడ్చింది. ఇప్పుడు పక్క పరవగానే నా దగ్గర చేరి పడుకుంటోంది. కళ్లు మూసిందంటే తెల్లారాకే లేవడం.

ఇంకొక విషయం. సెప్టెంబరుకి దానికి ఏడు నిండుతాయి కదా. బడిలో చేర్చుకోవడానికి పుట్టిన కాగితం కావాలన్నారు. అది మీ పెద్ద పెట్టెలో ఉందని మామయ్యగారు చెప్పారు. తాళంచెవి ఎక్కడ పెట్టారో రాస్తే తీసి ఇస్తాను. పెరుగుండలు రెండు సంచులు పంపుతున్నాను, ఒకటి క్లావ్‌దియాగారికి.

మీ ఆరోగ్యం కోరుకుంటూ,
మీ కోడలు జిపారా


ఫ్రూంజే
1983 మే 18

జిపారాకి,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. అందులో మూడుసార్లు ఒక్క వాక్యమే చదివాను.

పక్క పరవగానే నీ దగ్గర చేరుతోందా! ఏడేళ్లు నా చెవి పీకి పీకి సాగదీసిన పిల్ల రెండు రోజులు ఏడ్చి ఊరుకుందా! సంతోషం. నేను లేకపోతే ఆ ఇంట్లో ఏ లోటూ లేదన్నమాట. ఆవు కూడా సర్దుకుంది.

తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆపరేషనుకి తీసుకెళ్లేటప్పుడు ఒంటి మీద ఏమీ ఉండకూడదని నర్సు అడిగినా ఇవ్వలేదు, పిడికిట్లోనే పట్టుకుని వెళ్లాను. ఇప్పుడూ ఇవ్వను. ఆ కాగితం మీద తల్లి పేరు దగ్గర ఎవరి పేరుందో నాకు తెలుసు. మీరుండే ఫ్రూంజే బళ్లలోనూ ఆ కాగితమే అడుగుతారని కూడా తెలుసు. ఎర్మెక్‌ని అడిగితే 'అంతా బాగుందమ్మా' అని కళ్లు మూశాడు. మీరిద్దరూ ఏమనుకుంటున్నారో నాకు తెలియకూడదనా? నేను మంచాన పడింది కాలు విరిగి, మతి విరిగి కాదు.

ఇప్పుడు నిజం రాస్తాను, దాచి ఏం లాభం. నాకు నిద్ర లేదు. వచ్చిన రోజు నుంచీ లేదు. రాత్రి తొమ్మిదికి దీపం తీసేస్తారు. అప్పటి నుంచి క్లావ్‌దియా గురక, కాలికి ఆ కొయ్య, నడుం కింద మంట. పక్కకి ఒత్తిగిలుదామంటే బూటు పట్టి లాగుతుంది. మనవాళ్లలో ఇలా వెల్లకిలా చాపి పడుకోబెట్టేది పోయినవాళ్లనే, నీకు తెలుసు. కళ్లు మూస్తే అదే గుర్తొస్తుంది. కుడిచెయ్యి ఊరికే పక్కకి చాచి ఉంచుతాను, అలవాటు. దాని మీద బరువు లేకపోతే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నిద్రమాత్ర ఇస్తారు. నేను మింగను. నాలుక కింద పెట్టుకుని, నర్సు వెళ్లాక తీసి పరుపు కింద దాస్తున్నాను. ఆపరేషను రోజు ముక్కు మీద ముసుగు పెట్టి నిద్రపుచ్చారు కదా, లేచేసరికి నా కాలు నాది కాకుండా పోయింది. ఆ రకం నిద్ర ఇంక నాకొద్దు. డాక్టరు ముప్ఫై ఏళ్ల కుర్రవాడు, మొన్న మంచం మీద కూచుని చెప్పాడు: 'చూడండమ్మా, నిద్రపోకపోతే మీ రక్తపోటు దిగదు. అది దిగకపోతే కర్రలిచ్చి నిలబెట్టను. ఇలాగే పడుకుని ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఆ మేకుకేం, బాగానే ఉంటుంది. ఉండనిది మీరే.'

పిల్ల నన్ను అడుగుతోందా లేదా, ఒక్క మాట నిజంగా రాయి.

కనిషాయ్


కిజిల్ దొబో
1983 మే 27

అత్తయ్యగారికి వంగి సలాం,

మీ ఉత్తరానికి మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. ఒకటి కోపం. రెండోది, నేను చెప్పిన అబద్ధం ఎలా విప్పాలో తెలియక.

నూరిజా నా దగ్గర పడుకోవడం లేదు. ఒక్క రోజు కూడా పడుకోలేదు. చీకటి పడగానే మీ దూది కోటు చుట్టుకుని గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది. 'పక్కమీదికి రా, నేల చల్లగా ఉంది' అంటే, 'అమ్మ వస్తే తలుపెవరు తీస్తారు, నువ్వు లేస్తావా?' అంటుంది. చెయ్యి వేస్తే జరిగిపోతుంది. నిద్రపోయాక ఎత్తుకొచ్చి పడుకోబెడతాను. కాసేపటికి చూస్తే మళ్లీ గుమ్మం దగ్గరే ఉంటుంది, కళ్లు తెరుచుకుని. కోటు దానికే వదిలేశాను. ఆవుకి తలగుడ్డతో, దగ్గుతో సరిపెడుతున్నాను.

ఇది రాస్తే మీ నిద్ర చెడుతుందని రాయలేదు. మీరూ బాగా నిద్రపోతున్నానని రాశారు కదా. నేను చేసినదే మీరూ చేశారు.

పుట్టిన కాగితం మన ఊరి బడికే. నమ్మరేమోనని బడి పంతులమ్మ చేత చీటీ రాయించి ఇందులో పెట్టాను. ఆవిడ ఎందుకని అడిగితే సిగ్గుతో చచ్చిపోయాను. అత్తయ్యా, ఏడేళ్లలో ఒక్కసారైనా నా బిడ్డని నాకివ్వండి అని అడిగానా? ఇంక నాకు పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చి చెప్పిన రోజున కూడా అడగలేదు. సెలవులకి వస్తే నా కూతురు నాకు టీ తెచ్చి 'తీసుకో వదినా' అంటే, తీసుకుని తాగాను. అప్పుడు అడగనిదాన్ని, మీరు కాలు విరిగి పడి ఉండగా దొంగతనంగా పెట్టె తెరిచి తీసుకుపోతానా? నన్ను అంత తక్కువ మనిషి అనుకున్నారా?

ఇవి కోడలు అత్తగారికి రాయదగ్గ మాటలు కావు. చింపేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఇలాగే పంపుతున్నాను.

మాత్రలు వేసుకోండి. మీ అబ్బాయికి ఉత్తరం రాశాను, ఈసారి కుర్చీలో కూచునే ముందు పరుపు కింద వెతకమని. మనం ఇంట్లో దిష్టి పొగ వేసే ఆకు ఒక కట్ట పంపుతున్నాను. తలగడ కింద పెట్టుకుంటే నిద్ర పడుతుందని పక్కింటి అవ్వ చెప్పింది. వెలిగించకండి.

పిల్ల రోజుకి పదిసార్లు మిమ్మల్ని అడుగుతోంది. ఇది నిజం.

జిపారా


ఫ్రూంజే
1983 జూన్ 6

జిపారా, అమ్మా,

తాళంచెవి ఈ పార్శిల్లో ఉంది, తువ్వాలు మడతలో కుట్టాను. పెట్టె తెరిచి కాగితం తీసుకో. అడుగున ఎర్ర గుడ్డలో చుట్టిన నా వెండి గాజులు కూడా ఉంటాయి, చేతికి వేసుకో. ఆ పంతులమ్మ చీటీ చదివి నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెల్లకిలా ఉన్నదాన్ని, దాచుకోవడానికి కూడా లేదు.

ఎర్మెక్ గురువారం వచ్చి పరుపు కింద వెతికాడు. ముప్ఫై ఒక్క మాత్రలు దొరికాయి. అన్నీ పట్టుకెళ్లి నర్సుకి అప్పజెప్పి, వచ్చి కుర్చీలో నిద్రపోయాడు. నువ్వు పంపిన ఆకు కూడా వెలిగించాం. వెలిగించవద్దని నువ్వు రాసింది నేను క్లావ్‌దియాకి చెప్పలేదు, ఆవిడే అగ్గిపుల్ల గీసింది. సబ్బుపెట్టెలో పెట్టి మంచాల మధ్య తిప్పింది. పొగ నడవలోకి వెళ్లింది. పెద్ద నర్సు నీళ్ల బకెట్టుతో పరిగెత్తుకొచ్చి, 'ఇది ఆసుపత్రి అనుకున్నారా, వంటిల్లనుకున్నారా!' అని రెండు భాషల్లో తిట్టింది. నవ్వితే గాయం దగ్గర నొప్పి, అయినా నవ్వాం. నిద్ర మాత్రం రాలేదు. బూటు ఇంకా విప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఖాళీ అయిన నాలుగో మంచం మీదికి బెర్మెత్ అని ఒక పిల్ల వచ్చింది, ఇరవై రెండేళ్లుంటాయి. బస్సు బోల్తా పడి భుజం విరిగింది. ఇంటి దగ్గర రెండు నెలల బిడ్డ ఉంది. ఆసుపత్రిలోకి బిడ్డని రానివ్వరు. దీపాలు తీసేశాక ఆ పిల్ల లేచి మంచం అంచున కూచుని, బాగున్న చేత్తో పాలు టీ గ్లాసులోకి పిండుకుంటుంది. ఏడుపు వినపడకుండా తలగుడ్డ కొస నోట్లో పెట్టుకుంటుంది. తర్వాత లేచి వెళ్లి తొట్లో పోసి, గ్లాసు కడిగి పెడుతుంది. తెల్లారేలోపు రెండుసార్లు.

'నొప్పా తల్లీ?' అన్నాను మూడో రోజు.

'రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి పెద్దమ్మా. నొప్పి భరించొచ్చు. పారబోస్తున్నా చూడు, అదే చేత కావట్లేదు' అంది.

నేను అటు తిరిగి పడుకుందామన్నా తిరగలేను కదా. చూస్తూ ఉండాల్సి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చావు నువ్వు.

నలభయ్యో రోజున మీ గదిలోనే నూరిజాకి నలభై చెంచాల నీళ్లు పోశాం. నేనే లెక్కపెట్టాను. తుడిచి, చుట్టి, ఎత్తుకుని మన సమిష్టి వ్యవసాయ క్షేత్రం లారీ ఎక్కాను. నువ్వు గుమ్మంలో నిలబడ్డావు, రెండు చేతులూ రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుని. చలికి కాబోలనుకున్నాను. అక్టోబరు నెల, ఏమంత చలి? ఇంటికొచ్చేదాకా దారిపొడుగునా పాడుతూనే ఉన్నాను. ఆవుపాలలో నీళ్లు కలిపి పట్టాను, తాగింది. నా బిడ్డ అనుకున్నాను.

నీ పాలు ఏం చేశావు జిపారా? ఏడేళ్లయింది. నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నా పెద్దదాన్ని, సలీమాని, మా అత్తగారు అలాగే తీసుకున్నారు. దానికి నలభై ఏళ్లొచ్చాయి, ఈ రోజుకీ నన్ను వదినా అనే పిలుస్తుంది. నాకు ఆ తర్వాత ఐదుగురు పుట్టారు. ఒకడు ఒళ్లో, ఒకడు వీపున, ఏడవడానికి తీరిక దొరకలేదు. నేను ఓర్చుకున్నాను కదా, ఎవరైనా ఓర్చుకుంటారులే అనుకున్నాను. నీకు తర్వాత ఎవరూ పుట్టలేదు. అది చూస్తూ కూడా నేను ఏమీ అనుకోలేదు. రాత్రిళ్లు పడుకుని ఇదే తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. నాకు నిద్ర పట్టకపోవడానికి కాలు ఒక సాకు, పిల్ల పక్కన లేకపోవడం ఇంకో సాకు. ఇది మాత్రం నిజం.

సెప్టెంబరులో దాన్ని ఫ్రూంజే తీసుకెళ్లు. మీ గది దగ్గరి బడిలోనే వెయ్యి. నిన్ను అమ్మా అని పిలవమని చెప్పు, నేను చెప్పమన్నానని చెప్పు. నిద్రలేక మతిపోయి రాస్తున్నాననుకోకు. పూర్తి తెలివితోనే రాస్తున్నాను. ఇది రాస్తుంటే నాకెలా ఉందో నీకు వేరే చెప్పనక్కర్లేదు. నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు.

మీ అత్త,
కనిషాయ్


కిజిల్ దొబో
1983 జూన్ 15

అత్తయ్యా,

మీ ఉత్తరం దొడ్లో నిలబడి చదివాను. 'నీ పాలు ఏం చేశావు' అన్న దగ్గర కూచుండిపోయాను. ఆవు వచ్చి నా నెత్తిన గుడ్డ నాకింది. మీరే అనుకుందేమో.

చెబుతాను. మొదటి రోజు తలగుడ్డతో బిగించి కట్టుకున్నాను. రెండో రోజు జ్వరం వచ్చింది. మీ అబ్బాయి డ్యూటీకి వెళ్లాక గిన్నెలోకి పిండాను. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా కూచున్నాను. పాలు విరిగిపోయాక తీసుకెళ్లి కిటికీ కింద మల్బరీ చెట్టు మొదట్లో పోశాను. అలా పదకొండు రోజులు. పన్నెండో రోజు ఆగిపోయాయి. ఆగిపోతే హాయిగా ఉంటుందనుకున్నాను, ఆ రోజే ఎక్కువ ఏడ్చాను. అప్పటి నుంచీ రాత్రి రెండు గంటలకి నాకు మెలకువ వచ్చేస్తుంది. అది పిల్లకి పాలిచ్చే వేళ. ఏడేళ్లుగా రోజూ లేచి, కాసేపు కూచుని, మళ్లీ పడుకుంటాను. మీ అబ్బాయికి కూడా తెలియదు, ఆయనది రాత్రి డ్యూటీ.

ఎవరూ అడగలేదు. మా అమ్మ కూడా అడగలేదు, 'పద్ధతి కదే' అంది. తీసుకున్న మీరే అడిగారు. నా కోపం చాలావరకు పోయింది. కొంచెం మిగిలింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అది ఉండనివ్వండి, కొన్నాళ్లకి అరుగుతుందేమో.

ఆ రాత్రి పడుకున్నాను. రెండింటికి మెలకువ రాలేదు. కళ్లు తెరిచేసరికి ఎండ పొయ్యి దాకా వచ్చింది. గడియారం చూస్తే తొమ్మిదిన్నర! మందను తోలుకెళ్లేవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, ఆవు పొదుగు బరువెక్కి అరుస్తోంది, పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. అత్తవారింట్లో కోడలు తొమ్మిదిన్నరకి లేవడం! పరుగున బయటికొస్తే గుమ్మంలో నూరిజా కూచుంది. పక్కింటి అవ్వ గోడ మీద నుంచి 'ఏమే, ఇంట్లో ఎవరైనా చచ్చారా, పొగ లేదు?' అంటుంటే, ఇది నోటి మీద వేలు పెట్టి, 'అరవకు అవ్వా, మా వదిన నిద్రపోతోంది' అంటోంది.

ఆ ఉదయమే దానికి చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక తిన్నగా అనేశాను.

'నూరిజా, నిన్ను కన్నది నేను.'

రొట్టె మీద మీగడ రాసుకుంటోంది. తలెత్తలేదు. 'తెలుసు' అంది.

'ఎవరు చెప్పారు?'

'ఊళ్లో అందరికీ తెలుసు వదినా. నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.'

'మరి ఎప్పుడూ అనలేదేం?'

అటూ ఇటూ చూసి, నా చెవిలో నోరు పెట్టింది. 'అమ్మకి చెప్పకు. ఏడుస్తుంది. ఏడిస్తే అమ్మకి నిద్ర పట్టదు' అంది.

మీ నిద్ర చెడుతుందని నేను దాచాను, నా మనసు పాడవుతుందని మీరు దాచారు, మనిద్దరి కంటే ముందు నుంచీ అది దాస్తోంది. ఆ మధ్యాహ్నం నా పక్కకి వచ్చి పడుకుంది, కోటుతో సహా. చెవి పట్టుకోలేదు. నా చిటికెన వేలు పట్టుకుంది. ఇప్పటికీ వదినా అనే పిలుస్తోంది. మార్చమని నేను అడగను.

సెప్టెంబరు గురించి మీరు రాసింది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. కానీ దాన్ని మీరు ఇచ్చెయ్యడం, నేను తీసుకోవడం వద్దు. ఆసుపత్రి నుంచి పంపాక మూడు నెలలు మీరు ఫ్రూంజేలోనే ఉండి డాక్టరుకి చూపించుకోవాలని మీ అబ్బాయి రాశారు, ఈసారి నాలుగు వాక్యాలు రాశారు! మా గదికే రండి. ఎత్తు మంచం ఒకటి దొరుకుతుంది, మీరు నేల మీద కూచోకూడదట కదా. నేనూ నూరిజా వస్తాం. సలీమా అక్క ఆవునీ ఇంటినీ చూసుకుంటానంది. బడి ఎక్కడన్నది ముగ్గురం కూచుని మాట్లాడుకుందాం. ఈసారి దాన్ని అడక్కుండా లారీ ఎక్కించేది లేదు.

గాజులు వేసుకున్నాను. కాస్త వదులుగా ఉన్నాయి.

మీ జిపారా


ఫ్రూంజే
1983 జూన్ 24

జిపారా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానంటే, ఇంట్లో ఎవరో పోయారనుకుని క్లావ్‌దియా పలకరించింది. నాకొచ్చిన రష్యన్‌లో సంగతంతా చెప్పాను. సగం అర్థమై ఉంటుంది, అయినా ఆవిడా ఏడ్చింది. 'ఆ చిన్నది మీ అందరికంటే పెద్దది' అంది. బెర్మెత్ మొన్న ఇంటికి వెళ్లిపోయింది. భుజానికి కట్టుతోనే వెళ్లింది, ఆపినా ఆగలేదు. మంచిపని చేసింది.

నీ ఉత్తరం వచ్చిన రాత్రి కళ్లు మూశాను. మాత్ర వేసుకోలేదు, ఒట్టు. ఉదయం రక్తపోటు చూడ్డానికి వచ్చిన నర్సు లేపితే లేవలేదట. భుజం పట్టి కుదిపినా లేవలేదట. భయపడి డాక్టర్ని పిలుచుకొచ్చింది. క్లావ్‌దియా మంచం మీద నుంచే, 'వదిలెయ్యండయ్యా, గురకపెడుతోంది వినపడ్డం లేదా? రెండు నెలలు నా గురక విన్నది, ఇవాళ పగ తీర్చుకుంటోంది' అందిట. పదకొండింటికి లేచాను. టిఫిను అయిపోయింది, పెరుగుండ నమిలాను. ఆ రాత్రి మళ్లీ సరిగ్గా పట్టలేదు, కానీ మరుసటి రాత్రి పట్టింది. ఒకరోజు ఉండి ఒకరోజు లేనట్టుగా వస్తోంది. పర్వాలేదు, వస్తోంది కదా.

రక్తపోటు దిగింది. సోమవారం బూటు విప్పారు. పాదం చూస్తే నాది కాదన్నట్టు తెల్లగా ఉంది. కర్రలిచ్చి నిలబెట్టారు. కళ్లు తిరిగాయి, డాక్టరు కుర్రాడు నడుం పట్టుకున్నాడు. ఆరు అడుగులు వేశాను. జూలై రెండున పంపేస్తారు. ఎర్మెక్ వచ్చి తీసుకెళతాడు, దారిలో నిద్రపోకుండా ఉంటే.

నీ కోపం కొంచెం మిగిలిందని రాశావు చూడు, ఆ మాట చదివాకే మిగతాదంతా నమ్మాను. ఉంచుకో. ఎప్పుడైనా నా మొహం మీదే అనెయ్యాలనిపిస్తే అను. నేను తిరిగి అరుస్తాను, నా నోరు నీకు తెలుసు, అయినా అను. బడి సంగతి నువ్వన్నట్టే ముగ్గురం మాట్లాడుకుందాం. పిల్ల నీ దగ్గరే ఉంటానంటే మాట్లాడకుండా వింటాను. ఏడుస్తానేమో. నేను ఏడిస్తే ఏమీ కాదని, ఏడ్చి ముక్కు చీదుకుని మామూలుగా ఉంటానని, దానికి ఇప్పుడే చెప్పి ఉంచు. ఆరేళ్ల పిల్ల నా నిద్రకి కాపలా కాయడం చాలు.

పక్కింటి అవ్వ ఈపాటికి ఊరంతా చెప్పే ఉంటుంది, కనిషాయ్ కోడలు ఎండెక్కేదాకా పడుకుందని. చెప్పుకోనీ. అడిగితే నేనే పడుకోమన్నానని చెప్పు. ఆ గదికొచ్చాక ఉదయం నిన్ను ఎవరూ లేపరు. టీ నేను పెడతాను, కర్ర చంకలో పెట్టుకుని ఒంటిచేత్తో పెట్టడం వస్తుందిలే.

కానీ రాత్రి రెండింటికి నీకు మెలకువ వస్తే, ఇదివరకులాగ ఒక్కదానివే కూచోకు. నన్ను లేపు. నిద్రలో ఉన్నా లేపు.

నీ అత్త